కందిబద్ద లోపలి దారులు: కొత్త ప్రోటీన్ పొరను ఎలా చేరుతుంది?

వికారాబాద్ దగ్గర అనంతగిరి ఎర్రనేలలు దిగి పడమరగా తాండూరు చేరేసరికి నేల రంగు మారుతుంది. సున్నపురాతి మీద పరుచుకున్న నల్లరేగడి మొదలవుతుంది. అక్కడ వానాకాలంలో వేసిన కంది సంక్రాంతి నాటికి పప్పుమిల్లుల బాట పడుతుంది. 2022 డిసెంబరులో తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు అందరి నోటా నానిన లెక్క ఒకటుంది: ఈ పప్పులో ప్రోటీన్ సుమారు 24 శాతం, తృణధాన్యాల్లో ఉండేదానికి ఇంచుమించు మూడింతలు.

ఆ 24 శాతం గింజలో ఎక్కడుంటుందన్నది ఎవరూ పెద్దగా అడగరు. బద్దలోని కణాల్లో అది నీళ్లలో చక్కెరలా కలిసిపోయి ఉండదు. పొర చుట్టిన చిన్నచిన్న సంచుల్లో, నిల్వ రిక్తికల్లో, కూరి పెట్టి ఉంటుంది. తయారయ్యేది మాత్రం సంచి బయట, రైబోసోమ్‌ల మీద. తయారైన చోటు ఒకటి, చేరిన చోటు ఇంకొకటి. మధ్యలో నీటిలో కరిగేది ఏదీ సులువుగా దాటలేని కొవ్వు పొర. మన కణాల్లోనూ మొత్తం ప్రోటీన్లలో దాదాపు మూడో వంతు ఇలాంటి పొరను దాటాలి, లేదా అందులోనే కుదురుకోవాలి.

ఎలా అన్న ప్రశ్నకు 1975లో ఒక చక్కని జవాబు దొరికింది. దొరికాక ముడి వీడాల్సింది పోయి బిగిసింది. ఇవాళ పాఠ్యపుస్తకంలో ఒక దారే కనిపిస్తుంది, పరిశోధన పత్రికల్లో మాత్రం నాలుగైదు దారులు, వాటి మీద అరడజను తగాదాలు. అవి ఎక్కడ మొదలై ఎంతవరకు తెగాయో, గింజ సంగతికి వచ్చేసరికి ఏం మిగిలిందో చూడటం ఈ వ్యాసం పని.

గుళికల నుంచి సంకేతం దాకా

కణంలో పొరలతో అల్లిన గొట్టాల, రేకుల అమరిక ఒకటుంది. దాన్ని అంతర్జీవద్రవ్య జాలకం అంటారు. ఇక్కడ జాలకం అని పిలుచుకుందాం. 1950లలో న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ సంస్థలో జార్జ్ పాలేడ్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద దాని మీద అంటుకున్న గుళికలను చూసి 1955లో వర్ణించారు. అవే తరవాత రైబోసోమ్‌లు అయ్యాయి. కొన్ని గుళికలు పొరకు అంటుకుని ఉండేవి, కొన్ని విడిగా తిరిగేవి. జీర్ణరసాలు స్రవించే క్లోమ కణాల్లో అంటుకున్నవే ఎక్కువ. బయటికి పంపాల్సిన ప్రోటీన్ పొర మీద తయారవుతుందన్న అనుమానం అక్కడే పుట్టింది. పాలేడ్‌కు 1974లో నోబెల్ వచ్చింది.

1966లో కాల్విన్ రెడ్‌మన్, డేవిడ్ సబాటినీ సగం తయారైన ప్రోటీన్ గొలుసులను ప్యూరోమైసిన్ అనే మందుతో మధ్యలోనే తెంపేశారు. తెగిన ముక్కలు బయట ద్రవంలో పడకుండా జాలకం లోపలికే జారాయి. అంటే గొలుసు పూర్తికాక ముందే లోపలికి దారి పట్టి ఉందన్నమాట. 1971లో గుంటర్ బ్లోబెల్, సబాటినీ కలిసి ఒక ఊహ ప్రకటించారు: గొలుసు మొదట్లోనే ఏదో గుర్తు ఉండాలి. చేతిలో రుజువు లేదు. మరుసటి ఏడు కేంబ్రిడ్జిలో సీజర్ మిల్‌స్టైన్ బృందం యాంటీబాడీ తేలికగొలుసును పరీక్షనాళికలో తయారు చేస్తే, అది కణం నుంచి వచ్చేదానికంటే కాస్త పొడవుగా వచ్చింది. అదనపు ముక్క మొదట్లోనే ఉంది.

1975లో బ్లోబెల్, బెర్న్‌హార్డ్ డాబర్‌స్టైన్ చేసిన ప్రయోగాన్ని దగ్గరగా చూడాలి. తరవాతి వాదాలన్నీ దాని మీదే నిలబడ్డాయి. జాలకాన్ని నలిపితే అది ముక్కలై, ఆ ముక్కలు చిన్న బుడగలుగా మూసుకుపోతాయి. వీళ్లు కుక్క క్లోమం నుంచి ఆ బుడగలు తీశారు. కుక్కనే ఎందుకు ఎంచుకున్నారంటే దాని క్లోమంలో ఆర్ఎన్ఏను కొరికేసే ఎంజైములు తక్కువ. ఒక గొట్టంలో బుడగలు లేకుండా యాంటీబాడీ తేలికగొలుసు తయారు చేశారు: పొడుగు గొలుసు వచ్చింది. రెండో గొట్టంలో మొదటి నుంచే బుడగలు వేశారు: పొట్టి గొలుసు వచ్చింది, పైగా ప్రోటీన్లను తినే ఎంజైము పోసినా చెక్కుచెదరలేదు, ఎందుకంటే అది బుడగ లోపల ఉంది. మూడో గొట్టంలో గొలుసు పూర్తిగా తయారయ్యాక బుడగలు వేశారు: గొలుసు పొడుగ్గానే ఉంది, ఎంజైము దాన్ని తినేసింది. మొదట్లో ఒక గుర్తు, తయారవుతుండగానే దాటడం, దాటాక గుర్తును కోసేయడం. మూడు సంగతులూ మూడు గొట్టాల్లో తేలాయి. ఈ పనికి బ్లోబెల్‌కు 1999లో నోబెల్ వచ్చింది.

గుర్తును పట్టుకునేదెవరో 1980లో తేలింది. పీటర్ వాల్టర్, బ్లోబెల్ ఆరు ప్రోటీన్ల సముదాయాన్ని వేరు చేసి దానికి సంకేతాన్ని గుర్తించే ప్రోటీన్ అని పేరు పెట్టారు. రెండేళ్లకు అందులో సుమారు 300 అక్షరాల ఆర్ఎన్ఏ కూడా ఉందని బయటపడింది. పేరులో ప్రోటీన్ అన్న మాట తీసి రేణువు అని మార్చాల్సి వచ్చింది. ఇంగ్లీషులో రెండూ 'పీ'తోనే మొదలవుతాయి కాబట్టి ఎస్ఆర్పీ అన్న పొడి అక్షరాలకు ఇబ్బంది రాలేదు. జాలకం మీద దాన్ని అందుకునే గ్రాహకం 1982లో దొరికింది.

సంకేతం గొప్పదా, కొవ్వు పొర గొప్పదా?

గుర్తు ఉందని తేలాక అందరూ ఎదురుచూసింది ఒక కచ్చితమైన అక్షరక్రమం కోసం. అలాంటిది లేదు. 15 నుంచి 30 దాకా అమైనో ఆమ్లాలు, మొదట్లో ధనావేశం, మధ్యలో నీళ్లంటే పడని ఒక ముక్క, చివర కోతకు వీలుగా చిన్న అమైనో ఆమ్లాలు. ఇంతే పోలిక. గున్నార్ ఫాన్ హైనె 1980లలో వందలాది వరుసలు పోల్చి తేల్చింది ఇదే. 1987లో క్రిస్ కైజర్, డేవిడ్ బాట్‌స్టైన్ బృందం ఈస్ట్ ఇన్వర్టేజ్ ఎంజైము నుంచి అసలు గుర్తు తీసేసి, ఆ చోట అడ్డదిడ్డంగా దొరికిన వరుసలు అతికించింది. వాటిలో ఇంచుమించు అయిదింట ఒకటి పనిచేసింది.

నోబెల్ వచ్చినప్పుడు పత్రికలన్నీ ఈ గుర్తును పిన్‌కోడ్‌తో పోల్చాయి. ఆ పోలిక పాఠకులకు సులువే కానీ మంచికంటే చెడే ఎక్కువ చేసిందని ఈ వ్యాసకర్త అభిప్రాయం. పిన్‌కోడ్‌లో ఒక అంకె తప్పితే ఉత్తరం వేరే ఊరు పోతుంది. ఇక్కడ అయిదింట ఒక పిచ్చి అంకె కూడా ఉత్తరాన్ని చేరుస్తోంది.

ఈ వదులుతనమే రెండో వర్గానికి ఊపిరి. విలియం విక్నర్ 1979లో చెప్పింది ఇది: ద్వారాలు, గ్రాహకాలు అక్కర్లేదు, నీటిలో ఒక రూపంలో ముడుచుకున్న ప్రోటీన్ కొవ్వు పొర తగలగానే రూపం మార్చుకుని అందులోకి దూరిపోతుంది. డొనాల్డ్ ఎంగెల్‌మన్, థామస్ స్టైట్జ్ 1981లో దీనికి శక్తి లెక్కలు జోడించారు. నీళ్లంటే పడని రెండు సర్పిలాలు జడపిన్నులా జంటగా పొరలో దిగబడితే చాలన్నారు. ఎం13 అనే బాక్టీరియా వైరస్ కోటు ప్రోటీన్ వాళ్లకు ఆదర్శ ఉదాహరణ. ఆ రోజుల్లోనే హైదరాబాద్ సీసీఎంబీలో ఆర్. నాగరాజ్ సంకేత వరుసల ముక్కలను కృత్రిమంగా తయారు చేసి, నమూనా కొవ్వు పొరలతో అవి ఎలా మెలుగుతాయో పరీక్షించారు. వరుసకూ కొవ్వుకూ మధ్య నేరు సంబంధం ఎంతన్నదే ప్రశ్న.

మొదటి వర్గం గెలిచిందని చాలామంది రాస్తారు. నిజమే, 2000లో ఎం13 కోటు ప్రోటీన్‌కు కూడా వైఐడీసీ అనే సహాయక ప్రోటీన్ కావాలని తేలడంతో విక్నర్ వర్గం ప్రధాన సాక్షిని పోగొట్టుకుంది. కానీ 2005లో తారా హెస్సా, ఫాన్ హైనె, స్టీఫెన్ వైట్ ఒక్కో అమైనో ఆమ్లాన్ని మార్చుతూ పొరలో కుదురుకునే అవకాశాన్ని కొలిస్తే, వచ్చిన పట్టిక నీటికీ కొవ్వుకూ మధ్య ఆ అమైనో ఆమ్లం ఎటు మొగ్గుతుందన్న మామూలు రసాయన లెక్కకు దగ్గరగా వచ్చింది. ద్వారం ఉంది. అయితే లోపలికి వచ్చినవాణ్ని ఉంచాలా, దాటించాలా అన్నది తేల్చడంలో కొవ్వు మాట చెల్లుతోంది. ఓడిన వర్గం పూర్తిగా ఓడలేదు.

ద్వారం వెడల్పు ఎంత?

రే డెషేస్, ర్యాండీ షెక్‌మన్ 1987లో ఈస్ట్ మ్యూటెంట్లలో ఈ ద్వారానికి చెందిన సెక్61 జన్యువును పట్టుకున్నారు. 1991లో శాన్‌ఫోర్డ్ సైమన్, బ్లోబెల్ పొరకు విద్యుత్తు కొలిచే ఏర్పాటు పెట్టి, ప్యూరోమైసిన్‌తో గొలుసులు తెంపితే పెద్ద రంధ్రాలు తెరుచుకోవడం చూశారు. పాతికేళ్ల కింద రెడ్‌మన్ వాడిన మందే! 1993లో టామ్ రాపోపోర్ట్ బృందం సెక్61నూ మరి ఒకటి రెండు భాగాలనూ కృత్రిమ బుడగల్లో పెట్టి రవాణా మొత్తాన్ని నడిపించింది.

వెడల్పు దగ్గర తగువు వచ్చింది. ఆర్థర్ జాన్సన్ బృందం 1997లో ఫ్లోరెసెన్స్ కొలతలతో 40 నుంచి 60 ఆంగ్‌స్ట్రామ్‌లు అంది. అంటే కొన్ని సెక్61లు గుండ్రంగా కూర్చుని మధ్యలో పెద్ద బిలం. 2004లో రాపోపోర్ట్ వర్గం ఒక ఆర్కియా జీవి నుంచి తీసిన ద్వారం స్ఫటిక నిర్మాణం బయటపెట్టింది. ఒక్కటే అణువు, డమరుకంలా నడుము సన్నగా ఉన్న బిలం, దానికి లోపలి నుంచి ఒక బిరడా, పక్క నుంచి పొరలోకి తెరుచుకునే సందు. తరవాత క్రయో మైక్రోస్కోపు చిత్రాలు రైబోసోమ్‌కు ఒక్క సెక్61 చాలని చూపాయి. పెద్ద బిలం వాదం దాదాపుగా సద్దుమణిగింది.

తయారవుతూనా, తయారయ్యాకా?

1986లో మూడు బృందాలు విడివిడిగా ఒకే సంగతి చెప్పాయి: ఈస్ట్‌లో ఆల్ఫా ఫ్యాక్టర్ ముందురూపం పూర్తిగా తయారయ్యాక కూడా జాలకంలోకి వెళ్లగలదు. మూడో గొట్టంలో బ్లోబెల్‌కు జరగనిది ఇక్కడ జరిగింది. గొలుసు ముడుచుకోకుండా హెచ్ఎస్పీ70 ప్రోటీన్లు పట్టుకుంటాయి. లోపలి వైపు బిప్ అనే ఇంకో ప్రోటీన్ దాన్ని వెనక్కి జారకుండా ఆపుతూ లాక్కుంటుంది. 1991లో హాన్, వాల్టర్ ఎస్ఆర్పీ లేని ఈస్ట్‌ను పెంచారు. అది నీరసంగా పెరిగింది, చావలేదు. ఒకే దారి ఉంటే అలా బతకడం కుదరదు.

ఎస్ఆర్పీ రైబోసోమ్‌ను కాసేపు ఆపుతుందన్నది ఇంకో రచ్చ. గోధుమ మొలక సారంలో ఆగడం స్పష్టంగా కనిపించింది, కుందేలు రక్తకణాల సారంలో కనిపించలేదని డేవిడ్ మేయర్ వాదించారు. ఇరవై ఏళ్లకు పైగా నలిగి, 2008లో కాథరినా స్ట్రుబ్ బృందం క్షీరద కణాల్లో ఈ ఆలస్యం నిజంగా అవసరమేనని చూపింది. కారణం కూడా సాదాసీదాది: కణంలో ఎస్ఆర్పీ గ్రాహకాలు తక్కువ, రైబోసోమ్‌లు ఎక్కువ. కాటా దగ్గర ఖాళీ దొరికేదాకా బస్తాల బండిని గేటు దగ్గర ఆపినట్టు.

ఇక తోకతో వేలాడే ప్రోటీన్లు. వీటి గుర్తు మొదట్లో కాదు, చిట్టచివర ఉంటుంది. రైబోసోమ్ నుంచి ఆ చివర బయటపడేసరికి తయారీయే అయిపోతుంది, ఎస్ఆర్పీ పట్టుకునే వ్యవధి ఉండదు. 1993లో ఉల్‌రికె కుటాయ్, ఎన్నో హార్ట్‌మన్, రాపోపోర్ట్ వీటిని వేరే తరగతిగా గుర్తించారు. సెక్61 ద్వారంలో ఒక భాగమైన బీటా ఉపభాగం ఈ తరగతిదే. అందరికీ తలుపు తీసే యంత్రంలో ఒక ముక్క ఆ తలుపు గుండా రాదు. వీటిని మోసుకెళ్లే టీఆర్సీ40ని 2007లో శాండ్రా స్టెఫనోవిచ్, రామానుజన్ హెగ్డే పట్టుకున్నారు. 2008లో మాయా షుల్డినర్ బృందం ఈస్ట్‌లో అదే దారికి గెట్ అని పేరు పెట్టింది. అంతటితో తీరిందనుకుంటే 2018లో హెగ్డే బృందమే, జాన్ క్రిస్టియన్సన్ బృందంతో కలిసి, నీళ్లంటే కాస్త తక్కువ అయిష్టం ఉన్న తోకలను ఈఎంసీ అనే వేరే సముదాయం పొరలో దించుతుందని చూపింది. 2016లో ఎస్ఎన్డీ అనే ఇంకో దారి వెలుగులోకి వచ్చింది. దాని పని మీద స్పష్టత తక్కువే.

ముందు చేరేది ప్రోటీనా, దాని రాతా?

ఇప్పటిదాకా చెప్పిన వర్గాలన్నీ ఒక సంగతి ఒప్పుకుంటాయి: పొర వైపు నడిపించేది ప్రోటీన్‌లోని గుర్తే. క్రిస్టఫర్ నిక్కిట్టా బృందం దీన్నే ప్రశ్నించింది. జాలకం మీద చూస్తే, అక్కడికి వెళ్లనవసరం లేని కణద్రవ్య ప్రోటీన్ల ఎంఆర్ఎన్ఏలు (తయారీ రాతను మోసే ఆర్ఎన్ఏలు) కూడా అనువాదమవుతున్నాయి, ప్రోటీన్ గుర్తు లేకుండానే ఎంఆర్ఎన్ఏ పొరను చేరగలదు అన్నది వాళ్ల మాట. 2014లో కాల్విన్ జాన్, జోనథన్ వైస్‌మన్ బృందం జాలకం పక్కనున్న రైబోసోమ్‌లకే రసాయన ముద్ర వేసి లెక్కపెట్టింది. వాళ్ల లెక్కలో ఎక్కువ భాగం పాత కథనే బలపరిచింది: గుర్తున్నవే జాలకం మీద పోగవుతున్నాయి. నిక్కిట్టా వర్గం 2015లో 'సైన్స్' పత్రికలోనే అభ్యంతరం రాసింది, అవతలివాళ్లు బదులిచ్చారు. ముద్ర వేసే పద్ధతే ఫలితాన్ని కొంత ఒకవైపు లాగుతుందా అన్నది అక్కడి కీలకం. 2016లో జుడిత్ ఫ్రిడ్‌మన్ బృందం మరో మెలిక పెట్టింది: కొన్ని సందర్భాల్లో గుర్తు బయటికి రాకముందే ఎస్ఆర్పీ ఆ రైబోసోమ్ దగ్గరికి చేరి కూర్చుంటోంది. ఎలా తెలుస్తుందో!

ఈ వాదంలో మన పంటలకు చోటుంది. వరి గింజలో రెండు రకాల నిల్వ ప్రోటీన్లు: గ్లుటెలిన్, ప్రోలమిన్. గ్లుటెలిన్ రిక్తికలకు పోతుంది, ప్రోలమిన్ జాలకంలోనే ముద్దలుగా మిగిలిపోతుంది. 1993లో థామస్ ఒకీటా బృందం వీటి ఎంఆర్ఎన్ఏలు జాలకంలో వేర్వేరు చోట్ల ఉన్నాయని చూపింది. 2000లో ఆ విడిపోవడానికి కారణం ఎంఆర్ఎన్ఏలోని గుర్తులేనని ముందుకు తీసుకెళ్లింది. జంతుకణాల మీద సాగిన తగవులో ఈ వరి సాక్ష్యం ఎంత బలమైనదో అంత తక్కువగా వినిపిస్తుంది.

పక్కపక్కన పెట్టి చూస్తే

ఎస్ఆర్పీ దారిలో గుర్తు మొదట్లో ఉంటుంది, పట్టుకోవడం తయారీ మధ్యలోనే, లోపలికి నెట్టే బలం చాలావరకు రైబోసోమ్ సాగిస్తున్న తయారీదే. ఈస్ట్‌లో కనిపించిన తయారీ తరవాతి దారిలో గుర్తు మొదట్లోనే ఉన్నా నీళ్లంటే అయిష్టం తక్కువ. లాగే పని బిప్‌ది, ఖర్చు ఏటీపీది. తోక ప్రోటీన్లలో గుర్తు చివర, మోసేది గెట్ లేదా టీఆర్సీ40, దించేది సెక్61 కాదు. కొన్ని తోకలకు ఈఎంసీ చెయ్యి వేస్తుంది. ఎంఆర్ఎన్ఏ దారి వీటికి పోటీ కాదు, వీటికంటే ముందు మెట్టు అయి ఉండొచ్చు.

ఇవన్నీ ఒకే కణంలో ఒకేసారి ఉంటాయి. తేడా గుర్తు అక్షరాల్లో కాదు, సమయంలో ఉంది. గొలుసు బయటపడగానే ఎవరి చెయ్యి ముందు పడిందన్నదే ఎక్కువసార్లు దారి తేలుస్తుంది. 2018లో వైస్‌మన్ బృందం ఎస్ఆర్పీని హఠాత్తుగా తీసేస్తే జాలకానికి పోవాల్సిన కొన్ని ప్రోటీన్లు మైటోకాండ్రియాకు పోయి దాని పనిని చెడగొట్టాయి. 2022లో రైబోసోమ్ గుమ్మం దగ్గరే కాపలా ఉండే ఎన్ఏసీ అనే సముదాయం ఎవరిని ఎస్ఆర్పీకి అప్పగించాలో తేలుస్తుందని వివరాలు వచ్చాయి. పిన్‌కోడ్ పోలిక నిలవనిది సరిగ్గా ఇక్కడే. గంజ్‌లో బండి ఆగగానే ఏ హమాలీ ముందు బస్తా అందుకుంటాడో చూసినవాళ్లకు ఇది తొందరగా అర్థమవుతుంది.

గింజలో జాలకం దాటాక

జంతుకణ పరిశోధకులకు జాలకం చేరడంతో కథ సగం ముగుస్తుంది. గింజకు అక్కడే మొదలవుతుంది. కంది నిల్వ ప్రోటీన్లలో ఎక్కువ భాగం గ్లోబులిన్లు: విసిలిన్, లెగ్యుమిన్. రెండూ సంకేత వరుసతోనే పుడతాయి, జాలకంలోకి దిగాక వరుస తెగిపోతుంది, మూడేసి అణువులు జట్టు కడతాయి. అక్కడి నుంచి గాల్జీ అనే పొరల దొంతర, దాని అంచుల్లో దట్టమైన బుడగలు, ఆపైన నిల్వ రిక్తిక. రిక్తికలోని ఎంజైము లెగ్యుమిన్‌ను ఒకచోట కోస్తే మూడేసి జట్లు రెండు కలిసి ఆరు అవుతాయి. పిందె నుంచి గింజ గట్టిపడేదాకా బద్ద కణాల్లో ఇదే పని. కందికి సంబంధించి మనం చెప్పుకునే ఈ కథలో పెద్ద భాగం బఠానీ, చిక్కుడు జాతుల నుంచి తెచ్చుకున్నది.

రిక్తిక దారి మీద కూడా రెండు పక్షాలు. గ్రాహకం పట్టుకెళ్తుందని ఒకరు: 1994లో బఠానీ నుంచి బీపీ80 అనే గ్రాహకాన్ని వేరు చేశారు, 2003లో అరాబిడాప్సిస్ అనే ప్రయోగశాల మొక్కలో దాని బంధువైన వీఎస్ఆర్1ను తొలగిస్తే నిల్వ ప్రోటీన్లు కణం బయటికి కారిపోయాయి. చిక్కుడు జాతి నిల్వ ప్రోటీన్ ఫేసియోలిన్ చివరన ఉన్న నాలుగు అమైనో ఆమ్లాలు తీసేస్తే అదీ దారి తప్పుతుందని 1998లో తేలింది. ఇంకో పక్షం ముద్దకట్టడమే సగం పని చేస్తుందంటుంది: ఈ ప్రోటీన్లు ఒకదానికొకటి అతుక్కుని బరువెక్కి గాల్జీ అంచులకు చేరతాయి, గ్రాహకం ఆ ముద్దను ఒక కొస పట్టుకుంటే చాలు. గ్రాహకం సరుకును అందుకునేది గాల్జీ చివరనా, జాలకంలోనేనా అన్నది 2010 తరవాత మరింత రాజుకుంది. ముద్దకట్టే పక్షానికి వీఎస్ఆర్1 ఫలితం ఇబ్బందే, అయినా దట్టమైన బుడగల రూపం దానికి అండగా నిలుస్తోంది. రెండూ కలిసే జరుగుతున్నాయని ఈ రచయితకు తోస్తుంది.

తాండూరు ప్రాంతంలో కంది పక్కనే పండే జొన్న ఈ విషయాన్ని వేరేగా చూపిస్తుంది. జొన్న ప్రోటీన్ కఫిరిన్ రిక్తికకు పోదు, జాలకంలోనే గుండ్రని గట్టి ముద్దలుగా మిగులుతుంది. రొట్టె కాల్చినా, అంబలి కాచినా ఆ ముద్దలు సులువుగా విడవవు. ఉడికించిన జొన్న ప్రోటీన్ అరగడం ఇంకా తగ్గుతుంది. అమెరికాలో పర్డ్యూ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన పీ721క్యూ అనే జొన్న రకంలో మాత్రం ముద్దలు ముడతలు పడి, లోపలికి జీర్ణ ఎంజైము దూరేలా ఉంటాయి. కారణం 2013లో దొరికింది: ఒక కఫిరిన్ సంకేత వరుసలో ఒకే ఒక్క అమైనో ఆమ్లం మారడంతో వరుస తెగడం లేదు. తెగని గొలుసు పొరకే వేలాడుతుంది, ముద్ద ఆకారం చెడుతుంది. మొక్కజొన్నలో ఫ్లోరీ2 అనే పాత మ్యూటెంట్‌కూ 1995లో ఇలాంటి కారణమే తేలింది. అక్కడ గింజ పిండిపిండిగా మెత్తబడుతుంది. జొన్నలో పంట గుణాల సంగతి ఎలా ఉన్నా అరుగుదల పెరుగుతుంది. ఫాన్ హైనె తన పోలికల్లో చిన్న అమైనో ఆమ్లాలు ఉండాలన్న ఆ కోత చోటే ఇక్కడ తేడా చేసింది. కంచంలో రొట్టె దాకా వచ్చిన సంకేత వరుస ఇంతకంటే స్పష్టంగా ఇంకెక్కడా దొరకదు.

తెగనివి

పొరను చాలాసార్లు అల్లినట్టు దాటే ప్రోటీన్ల సంగతి మొదటిది. పాత చిత్రంలో ఒక్కో సర్పిలం సెక్61 పక్క సందు నుంచి పొరలోకి జారేది. 2022లో హెగ్డే, రాబర్ట్ కీనన్ బృందాలు వేరే చిత్రం ఇచ్చాయి: ఈ తరగతిలో చాలా ప్రోటీన్లకు సెక్61 మూసే ఉంటుంది, దాని వెనక పాట్, జెల్, బాస్ అనే మూడు సముదాయాలు కలిసి కొవ్వుతో నిండిన ఒక మూలను కాపాడతాయి, సర్పిలాలు అక్కడ దిగుతాయి. అలాంటప్పుడు 2004 నిర్మాణంలో అందరినీ ఆకట్టుకున్న పక్క సందు ఎవరి కోసం? ఏ ప్రోటీన్లు పాత సందు వాడతాయి, ఏవి కొత్త మూల వాడతాయి అన్న సరిహద్దు ఇంకా గీయలేదు.

హరితరేణువుల్లో తగవు మొరటుగానే ఉంది. వాటి లోపలి పొర ద్వారం టిక్110 చుట్టూ ఉందని ఒక వర్గం దశాబ్దాలుగా నమ్మింది; 2013లో మసాటో నకాయ్ బృందం టిక్214 చుట్టూ ఉన్న పదిలక్షల డాల్టన్ల సముదాయమే అసలు ద్వారమంది. 2022, 2023లో వచ్చిన నాచు క్రయో నిర్మాణాలు రెండో పక్షానికి బలమిచ్చాయి. టిక్214 జన్యువు గడ్డి జాతుల హరితరేణువుల్లో కనిపించదు. వరి, జొన్న, మొక్కజొన్న అన్నీ ఆ జాతులే, మరి వాటికి ద్వారమేది?

మొక్కల జాలకంలో ఈ దారుల పాళ్లు జంతువుల్లో లాగే ఉంటాయా అన్నది ఇంకో చిక్కు. క్షీరదాల్లో టీఆర్సీ40 పోతే పిండమే నిలవదు. అరాబిడాప్సిస్‌లో గెట్ దారి చెడితే 2017లో కనిపించిన ప్రధాన లోపం వేరు నూగు పొట్టిగా ఉండడం. మొక్కలో వేరే చేతులు ఆ పనిని అందుకుంటున్నాయి. అవేవో పూర్తి జాబితా లేదు.

పటాన్‌చెరు ఇక్రిశాట్ నాయకత్వంలో 2011లో కంది జన్యుపటం వెలువడింది. వాడింది ఆశ రకం. అదే సంస్థ అడవి కంది జాతులతో సంకరం చేసి ప్రోటీన్ 30 శాతం దాటిన వంగడాన్ని కూడా తెచ్చింది. మామూలు కందితో పోలిస్తే ఆ గింజ జాలకం మీద భారం మూడో వంతు దాకా ఎక్కువ కావచ్చు. ఆ అదనపు ప్రోటీన్ మోయడానికి బద్ద కణం సెక్61 ద్వారాలు పెంచుకుందా, జాలకాన్నే విస్తరించుకుందా, లేక గింజలో పిండిపదార్థం తగ్గి ప్రోటీన్ పాలు పెరిగినట్టు కనిపిస్తోందా? పటం చేతిలో ఉంది, తాండూరులో వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉంది. నవంబరులో గింజ పాలుపోసుకునే దశలో కాయ ఒలిచి, బద్దను పలచగా కోసి మైక్రోస్కోపు కింద పెడితే ఆ మూడింటిలో ఏదో చెప్పే అవకాశం ఉంది.